మైకు స్టాండు పాట మధ్యలో తల వంచేస్తోంది, 1500 లోపు మంచిది ఏదైనా ఉందా?

పర్లాకిమిడి_తాళాలు
మాది తొమ్మిది మంది భజన బృందం. ప్రతి శనివారం గుడిలో పాడతాం, చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు పిలిస్తే వెళ్తాం. కిందటేడు ఆన్‌లైన్‌లో 650 రూపాయలకి బూమ్ స్టాండు కొన్నాం. నిలువు గొట్టం మీద అడ్డ గొట్టం ఉంటుందే, అది. నెల రోజులు బాగానే ఉంది. ఇప్పుడు హార్మోనియం మీదకి మైకు వంచి ఎంత బిగించినా, పల్లవి అయ్యేసరికి మెల్లిగా దిగిపోతోంది. మొన్న శనివారం మైకు ఏకంగా హార్మోనియం మెట్ల మీద వాలి పడుకుంది. మా పెద్దాయన బెల్లోస్ ఆడించే ఎడమ చేత్తో దాన్ని ఎత్తి పట్టుకున్నారు. హార్మోనియానికి ఊపిరి ఆగిపోయింది. తాళాలు వేసేవాళ్లు మాత్రం ఆపలేదు, కళ్లు మూసుకుని ఉన్నారు.

బిగించీ బిగించీ పిడి కూడా చిట్లింది. కొత్తది కొనాలి. పాటలు రికార్డు చేసి వాట్సాప్‌లో పెట్టడానికీ అదే స్టాండు కావాలి. ఒకటే రెండిటికీ సరిపోతుందా?

రాయగడ_సౌండ్‌బాక్స్
పదిహేనేళ్లుగా పెళ్లిళ్లకీ జాతర్లకీ సౌండు కడుతున్నాను. స్టాండు కొనేటప్పుడు అందరూ గొట్టం తట్టి చూస్తారు. గొట్టం విరగడం నేనింతవరకు చూడలేదు గురూ. పోయేవి మూడు చోట్లు. బూమ్‌ని పట్టుకునే కీలు, ఎత్తు బిగించే పిడి, మూడు కాళ్లూ కలిసే దగ్గరుండే దిమ్మ. 650 రూపాయల సరుకులో ఈ మూడూ ప్లాస్టిక్కే. ఆ మూడూ లోహానివైతే గొట్టం కాస్త పలచగా ఉన్నా పరవాలేదు.

దుకాణానికి వెళ్లి కొను. బూమ్ పూర్తిగా బయటికి లాగి నేలకి సమానంగా బిగించు. చివర అర లీటరు నీళ్ల సీసా తగిలించి వంద లెక్కపెట్టు. మైకూ దాని వైరూ కలిపినా అంత బరువుండవు. వంద లోపు సీసా దిగిందా, డబ్బులు జేబులోనే ఉంచుకుని వచ్చెయ్. షాపువాడు మొహం మాడ్చుకుంటాడు, మాడ్చుకోనీ.

జయపురం77
ఇది నేను చేశాను. సీసా మూత సరిగ్గా పెట్టలేదు. షాపువాడి కీబోర్డు తడిసింది. జాగ్రత్త.

గునుపురం_మేస్టారు
తాళాలు గారూ, ఆ కీలులో నూనె ఏమైనా వేశారా?

పర్లాకిమిడి_తాళాలు
కిర్రుమంటోందని కొబ్బరి నూనె వేశాను మేస్టారూ. ఎలా తెలిసింది?

గునుపురం_మేస్టారు
మా ఇంట్లోనూ ఒకరు వేశారు. ఎవరో చెప్పను, ఆవిడ కూడా ఇక్కడ చదువుతారు.

రాయగడ_సౌండ్‌బాక్స్
హతవిధీ. ఆ కీలు నిలబడేదే రాపిడి మీద. లోపల రెండు బిళ్లలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి, మధ్యలో రబ్బరో ఫైబరో వాషరు ఉంటుంది. దానికి నూనె పెడితే ఇంక దేన్ని పట్టుకుంటుంది? సైకిలు బ్రేకు కట్టకి నూనె పూస్తామా?

పడెయ్యకు. మర విప్పి, బిళ్లలు రెండూ సర్జికల్ స్పిరిట్‌తో శుభ్రంగా తుడువు. నెయిల్ పాలిష్ తుడిచే ద్రవం మాత్రం వాడకు, అది కొన్ని ప్లాస్టిక్కుల్ని తినేస్తుంది. తర్వాత పాత సైకిల్ ట్యూబు కత్తిరించి గుండ్రంగా వాషరు చేసి మధ్యలో వెయ్యి. నా దగ్గర అలా బాగుచేసినవి నాలుగు ఇంకా తిరుగుతున్నాయి.

ఇంకో మాట. పిడి వదులు చెయ్యకుండా బూమ్‌ని చేత్తో ఎత్తి వంచేవాళ్లు ఉంటారు. పాడేవాళ్లందరూ అంతే, వాళ్ల ఎత్తుకి కావాలని మైకు పట్టుకుని లాగుతారు. స్టాండ్లు ఎక్కువగా చచ్చేది అక్కడే. వదులు చెయ్యి, ఎత్తు, బిగించు. ఈ మూడూ ఆ వరసలోనే.

ఫిట్టర్_బల్లార్షా
బిగించడం గురించి ఇంత చర్చ దేనికి? ఇది తక్కెడ లెక్క. మైకు 300 గ్రాములు, దాంతో వేలాడే వైరు ఓ 100 గ్రాములు అనుకోండి. కీలు నుంచి మైకు 80 సెంటీమీటర్ల దూరంలో ఉండి, వెనక 20 సెంటీమీటర్లే మిగిలితే, సరితూగడానికి వెనక 1600 గ్రాములు వేలాడదియ్యాలి. అదే గొట్టాన్ని వెనక్కి జరిపి ముందు 60, వెనక 40 చేస్తే 600 గ్రాములు చాలు. గొట్టం సొంత బరువు పక్కన పెట్టి చెప్తున్నా. అది కూడా మీకు సాయమే చేస్తది, ఎందుకంటే వెనక్కి జరిగిన కొద్దీ అదీ అటే తూగుతది.

మరి అందరూ ఏం చేస్తరు? గొట్టం మొత్తం ముందుకు లాగి, పిడిని రెండు చేతులతో పిండుతరు.

పర్లాకిమిడి_తాళాలు
సరిగ్గా అదే చేశాం. వెనక జానెడు కూడా లేదు.

సిరొంచ_ఒడ్డు
బూమ్ గీమ్ ఎందుకన్నా. గుండ్రటి ఇనుప బేసు ఉన్న నిటారు స్టాండు తీసుకో. మా దగ్గర 2009లో కొన్నది ఇంకా ఉంది. పోత ఇనుము. గోదావరిల పడ్డా కొట్టుకపోదు.

రాయగడ_సౌండ్‌బాక్స్
నిలబడి పాడేవాళ్లకి అది రాజా. ఒప్పుకుంటాను. కాళ్లు బయటికి చాచుకుని ఉండవు కాబట్టి తట్టుకుని పడేవాళ్లూ ఉండరు. కానీ చెక్క బల్లలు పరిచిన స్టేజీ మీద పెట్టి చూడు. ఎవరు నడిచినా బేసు మొత్తం బల్లకి అంటుకుని ఉంటుంది కాబట్టి ధబధబా అని మైకులోకి ఎక్కుతుంది. ఎగుడుదిగుడు నేల మీదా, గడ్డి మీదా ఊగుతుంది. మూడు కాళ్లది అయితే ఎక్కడైనా కుదురుకుంటుంది. ముక్కాలి పీట ఊగదు కదా.

సిరొంచ_ఒడ్డు
బేసు కింద పాత కంబళి ముక్క ఏస్తే ధబధబా పోతది. చిన్న సంగతి.

రాయగడ_సౌండ్‌బాక్స్
పోదు, తగ్గుతుంది.

సిరొంచ_ఒడ్డు
సరే తగ్గుతది. నా స్టాండు పదహారేండ్లు దాటింది, నీ ముక్కాలి పీటలు ఎన్ని మార్చినవ్?

రాయగడ_సౌండ్‌బాక్స్
లెక్క పెట్టలేదులే.

బరంపురం_వీణమ్మ
మధ్యలో నాదో గోల. పాప వీణ రికార్డు చెయ్యడానికి కండెన్సర్ మైకు తెప్పించాం. దాంతో రబ్బరు తాళ్ల షాక్ మౌంట్ వచ్చింది, మైకుకి అదురు తగలకుండా పట్టుకునే చట్రం. అది స్టాండుకి పట్టదు. మౌంట్ రంధ్రం పెద్దది, స్టాండు మొన సన్నం. ఇన్సులేషన్ టేపు చుట్టి దూర్చాను. రెండో కృతికి మైకు జారి వీణ కుండ మీద పడబోయింది. నా గుండె ఆగినంత పనైంది. మైకు పోతే పోయింది, వీణ బొబ్బిలిది.

నిద్రలేని_ఎడిటర్
టేపు తీసెయ్యండి అమ్మా. అది మరల (త్రెడ్ల) కొలతలో తేడా. మైకు స్టాండ్లలో ఎక్కువగా దొరికేవి రెండు కొలతలు. 5/8 అంగుళం (దాదాపు 16 మిల్లీమీటర్లు, అంగుళానికి 27 మరలు), 3/8 అంగుళం (9.5 మిల్లీమీటర్లు, 16 మరలు). మొదటిది అమెరికా పద్ధతి, రెండోది ఐరోపాలో వాడుక. మీ మౌంట్ మొదటిది, స్టాండు రెండోది. మధ్యలో వేసే ఇత్తడి అడాప్టర్ ఒకటుంటుంది, లోపలా బయటా మరలతో ఉంగరంలా. మైకు పెట్టె అడుగున పడి ఉంటుంది చూడండి. లేకపోతే నేను ఇదివరకు 40 రూపాయలకి కొన్నాను. మౌంటులోకి పూర్తిగా దిగాక దాని గాట్లో రూపాయి బిళ్ల పెట్టి ఒక్క తిప్పు తిప్పండి, ఊడదు.

కెమెరా ట్రైపాడ్ మొన 1/4 అంగుళం, అది మూడోది. దానికీ వేరే అడాప్టర్ దొరుకుతుంది.

బరంపురం_వీణమ్మ
దొరికింది! పెట్టె అడుగున కాదు, పాప దాన్ని బొమ్మకి కిరీటంగా పెట్టింది.

జయపురం77
బొమ్మకి పెద్ద ఖర్చే.

గోపాలపూర్_ఉప్పుగాలి
వీణమ్మ గారూ, మీది బరంపురం కాబట్టి చెప్తున్నాను. మా ఇల్లు సముద్రానికి కూతవేటు. నల్ల రంగు పూసిన చవక స్టాండ్లు ఇక్కడ రెండు వానాకాలాలు దాటవు. పైగొట్టం తుప్పు పట్టి కింది గొట్టంలోకి దిగదు. నెలకోసారి పొడిగుడ్డతో తుడిచి, గొట్టం మీద మాత్రం పలచగా మైనం రుద్దుతాను. కీలు జోలికి పోను. (కొబ్బరి నూనె గారికి నమస్కారం.)

పర్లాకిమిడి_తాళాలు
ఇక నా పేరు అదే అయిపోయేలా ఉంది.

గునుపురం_మేస్టారు
ఇంతమంది ఇన్ని చెప్పారు, ఒక్కరూ అడగనిది నేను అడుగుతాను. తాళాలు గారూ, మీరు నిలబడి పాడతారా, కూర్చునా?

పర్లాకిమిడి_తాళాలు
కూర్చునే మేస్టారూ. జంబుఖానా మీద. హార్మోనియం, ఢోలక్, తాళాలు అందరం నేల మీదే. హార్మోనియం మీదకి వచ్చిన మైకే పాటకీ దానికీ.

గునుపురం_మేస్టారు
అదీ సంగతి. మీరు కొన్నది నిలబడి పాడేవాడి కోసం చేసిన స్టాండు. దాన్ని పూర్తిగా దించినా నిలువు గొట్టం మీ ఛాతీ దాటి ఉంటుంది. కాళ్లేమో రెండడుగులు చాచుకుంటాయి. అందుకని దాన్ని హార్మోనియానికి దూరంగా పెట్టి, బూమ్ మొత్తం లాగి, కిందికి వంచి మైకు అందిస్తున్నారు. బల్లార్షా ఆయన చెప్పిన 80, 20 లెక్క మీకు అందుకే వచ్చింది. నిలబడేవాడికి బూమ్ అంత లాగాల్సిన పని ఉండదు. మన సంగీతమంతా నేల మీద కూర్చుని చేసేది, స్టాండ్లేమో కుర్చీల దేశం వాళ్లవి.

పొట్టి బూమ్ స్టాండు అని అడగండి. డ్రమ్స్ వాళ్లు కింది పెద్ద డ్రమ్ముకి, గిటార్ వాళ్లు ఆంప్ బాక్సుకి పెట్టుకునేది. మోకాలెత్తు నుంచి మొదలవుతుంది. బూమ్ కూడా పొట్టిదే. హార్మోనియం పక్కనే పెట్టొచ్చు. నేను మూడేళ్లుగా హరికథకి పక్క వాయిద్యాల దగ్గర అదే వాడుతున్నాను.

ఫిట్టర్_బల్లార్షా
మేస్టారు తక్కెడని మూలం నుంచే మార్చిండు. శభాష్.

రాయగడ_సౌండ్‌బాక్స్
నేనెందుకు అడగలేదో నాకే సిగ్గుగా ఉంది. నా గోడౌన్‌లో పొట్టివి ఆరున్నాయి, తబలాలకి తప్ప ఇంకెక్కడా తియ్యను.

ఛత్రపూర్_కీర్తన
మా అనుభవం వేరే. మేం ఒడియా వాళ్లతో కలిసి అష్టప్రహరి చేస్తాం. ఎనిమిది ప్రహరాలు, అంటే 24 గంటలు ఆపకుండా నామం. మధ్యలో దేవుడు, చుట్టూ మృదంగాలతో తిరుగుతూ పాడతారు. మొదటిసారి నాలుగు స్టాండ్లు పెట్టాం. తెల్లారేసరికి రెండింటి కాళ్లు విరిగాయి, వైర్లు జడ అల్లినట్టు అల్లుకుపోయాయి. నిద్రమత్తులో తిరిగేవాడికి స్టాండు కాలు కనిపిస్తుందా? ఇప్పుడు పందిరి వెదురుకి పైనుంచి మైకులు వేలాడదీస్తాం. తాడు మైకుకి కాదు, దాన్ని పట్టుకునే క్లిప్పుకి కట్టాలి, వైరు మీద బరువు పడకూడదు. స్టాండు ఖర్చు సున్నా.

సిరొంచ_ఒడ్డు
పాత నాటకాలల్ల ఇట్లనే ఏలాడేటివి. పద్యం అందుకునే ముందు రాజైనా రాక్షసుడైనా నడుచుకుంట మైకు కిందికి వచ్చేటోడు.

తప్పెటగుళ్ల_తమ్ముడు
మాకు వేలాడదీసినా కుదరదు, గెంతుతాం కదా. ముందు వరసలో నిటారు స్టాండు ఒక్కటి పెడితే దాన్ని తన్నని రోజు లేదు. ఇప్పుడు కాళ్ల మీద ఇసక మూట వేస్తున్నాం. పాత జీన్ ప్యాంటు కాలు మోకాలి దగ్గర కోసి, ఒక చివర కుట్టి, ఇసక పోసి రెండో చివర కట్టెయ్యడమే. రెండు కిలోలుంటుంది. కాలు మీద గుర్రం ఎక్కినట్టు కూర్చుంటుంది.

జయపురం77
నీళ్ల సీసాలు కట్టినా అదే పని కదా?

రాయగడ_సౌండ్‌బాక్స్
పైన నీ కీబోర్డు కథ నువ్వే చెప్పావు. కరెంటు వైర్ల పక్కన నీళ్లు పెడతావా మళ్లీ? ఇసకే వెయ్యి. ఇంకోటి, మూడు కాళ్లలో ఒకటి కచ్చితంగా బూమ్ చాచిన వైపే ఉండాలి. రెండు కాళ్ల సందులోకి బూమ్ వస్తే చిన్న పిల్లాడు తగిలినా బోర్లా పడుతుంది.

తప్పెటగుళ్ల_తమ్ముడు
ఆ కాలు విషయం ఇప్పుడే తెలిసింది అన్నా. మేం అందంగా కనిపిస్తుందని సందు వైపు పెట్టేవాళ్లం.

నిద్రలేని_ఎడిటర్
తాళాలు గారి రెండో ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు. రికార్డింగు. స్టాండు అదే వాడొచ్చు, పెట్టే తీరు మారుతుంది.

స్టేజీ మీద మైకు నోటికి దగ్గర కావాలి, లేకపోతే స్పీకరు బాక్సు కుయ్యిమంటుంది. ఇంట్లో రికార్డు చేసేటప్పుడు బాక్సు లేదు కాబట్టి దూరం జరపొచ్చు. కానీ దూరం రెట్టింపు అయితే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, గది ప్రతిధ్వని మాత్రం అలాగే ఉంటుంది. గుడి మండపంలో మూడడుగుల దూరం పెడితే బావిలోంచి పాడినట్టే. అడుగు, అడుగున్నర చాలు.

హార్మోనియానికి బెల్లోస్ వైపు పెట్టకండి, బుసబుస తప్ప ఏం రాదు. మెట్ల వైపు కాస్త పైనుంచి పెట్టండి. రెండు మైకులు వాడితే, గొంతుకీ దాని మైకుకీ ఎంత దూరమో రెండు మైకుల మధ్య కనీసం దానికి మూడు రెట్లుండాలి. లేదంటే రెండూ కలిసి గొంతు పీలగా వస్తుంది.

ఇక అసలు దొంగ నేల. పాడేవాళ్లు తొడ మీద తాళం వేస్తే పరవాలేదు, మడమతో నేల మీద వేస్తారు. అది జంబుఖానా కిందనుంచి స్టాండు కాళ్లెక్కి మైకులోకి వస్తుంది. మొన్న ఒకరి రికార్డింగులో ఢోలక్ లేని పాటకి ఢోలక్ వినిపించింది. కాళ్ల కింద దళసరి బొంత మడత పెట్టండి. రికార్డు చేసే యాప్‌లో 80 హెర్ట్జ్ కింద ఉండే లోతు శబ్దాల్ని కోసేసే ఫిల్టర్ ఉంటే వెయ్యండి.

బరంపురం_వీణమ్మ
వీణకి 80 దగ్గర కొయ్యమంటారా? మంద్రం పోదూ?

నిద్రలేని_ఎడిటర్
మంచి ప్రశ్న. మీ మంద్ర పంచమం ఎక్కడుంటుందో శ్రుతిని బట్టి. వీణకి ఫిల్టర్ ముట్టుకోకండి, బొంత ఒక్కటే చాలు. గొంతుకి మాత్రమే చెప్పాను.

కొత్తగా_వచ్చాను
జర్మనీ స్టాండ్లు బాగుంటాయంటారు కదా, అవి కొనకూడదా?

నిద్రలేని_ఎడిటర్
కోనిగ్ అండ్ మేయర్ వాళ్లవా? 1949 నుంచి చేస్తున్నారు. వాళ్ల 210/9 అన్న మోడలు నేను పనిచేసే చోట ఉంది. పిడి వేలితో తిప్పితే చాలు, అలాగే నిలబడుతుంది. కానీ ఆయన బడ్జెట్ 1500. పెళ్లికొడుకు సైకిలు అడిగితే కారు చూపించకూడదు.

రాయగడ_సౌండ్‌బాక్స్
అదీకాక నా అనుభవంలో ఖరీదైన స్టాండు ఫంక్షన్‌లో మొదటి రోజే మాయమవుతుంది. చవకదాన్ని దొంగ కూడా ముట్టుకోడు.

పర్లాకిమిడి_తాళాలు
పది రోజుల తర్వాత వచ్చాను. ఏమైందో చెప్పాలి కదా.

బరంపురం వెళ్లాను. మొదటి దుకాణంలో పొట్టి స్టాండు అంటే టీవీ స్టాండు చూపించారు. రెండో దుకాణంలో దుమ్ములోంచి తీశారు. 1150 చెప్పి 1000కి ఇచ్చారు. కీలు లోహమే. సీసా కట్టి వంద లెక్కపెట్టాను, మూత గట్టిగా బిగించాకే. షాపు కుర్రాడు కూడా నాతోపాటు ఒడియాలో లెక్కపెట్టాడు. కదల్లేదు.

పాతదాన్ని స్పిరిట్‌తో తుడిచి ట్యూబు వాషరు వేశాను. మొదటిది మరీ దళసరైపోయి మర అందలేదు, రెండోది కుదిరింది. చిట్లిన పిడికి తీగ చుట్టాను. దాని బూమ్ తీసేసి నిటారుగా, నిలబడి హారతి పాట పాడేవాళ్లకి వాడుతున్నాం.

నిన్న శనివారం. పొట్టిది హార్మోనియం పక్కనే పెట్టాం, బూమ్ జానాబెత్తెడు కంటే లాగలేదు. రెండు గంటలు కదల్లేదు. పెద్దాయన మాత్రం అలవాటు కొద్దీ పల్లవి అవగానే ఎడమ చెయ్యి పైకెత్తారు.

గునుపురం_మేస్టారు
హార్మోనియం మళ్లీ ఆగిందా?

పర్లాకిమిడి_తాళాలు
ఆగింది.